బరంపురంలో రెండు ఆదివారాలు, మధ్యలో చీవాట్లు

బరంపురంలో వెబ్‌సైట్లు చేసేవాళ్ళకి ఉచిత శిక్షణట అంటే మా అత్తయ్య అడిగిన మొదటి మాట, "ఊరికే నేర్పుతారా? ఆళ్ళకేటి లాభం?"

నా దగ్గర జవాబు లేదు. అంతకు ముందు ఏడాది ఇలాగే 'ఉచితం' అన్న మాట చూసి ఒక ఆన్‌లైన్ క్లాసులో కూర్చున్నాను. రెండు గంటల క్లాసు. గంటన్నర పాఠం చెప్పేవాడు తన జీతం ఎలా పెరిగిందో చెప్పాడు. మిగిలిన అరగంట "ఈ రాత్రి పన్నెండు లోపు చేరితే సగం ధరే" అంటూ స్క్రీన్ మీద గడియారం వెనక్కి తిప్పాడు. బాబుకి అన్నం పెట్టే పని మా ఆయనకి అప్పజెప్పి మరీ కూర్చున్నానేమో, నా మీద నాకే ఒళ్ళు మండింది.

అందుకే బరంపురంలో వెబ్ డెవలపర్లకి ఉచిత శిక్షణ అని ఫోన్‌లో మెసేజ్ వచ్చినప్పుడు మూడుసార్లు చదివాను. రెండు ఆదివారాలు, మధ్యలో మూడు వారాల ఎడం. ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో. నలభై మందికే చోటు. వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్, వాటికి రూపం దిద్దే సీఎస్‌ఎస్, వాటిని కదిలించే జావాస్క్రిప్ట్ కొద్దిగానైనా వచ్చి ఉండాలి. ల్యాప్‌టాప్ ఎవరిది వాళ్ళు తెచ్చుకోవాలి. భోజనం కూడా ఎవరిది వాళ్ళదే. ఆ చివరి వాక్యం చూశాకే నాకు నమ్మకం కుదిరింది. అమ్ముకునేవాడైతే బిర్యానీ పెట్టి కూర్చోబెడతాడు.

మాది పర్లాకిమిడి, ఒడిశా గజపతి జిల్లా. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, కొట్లో రెండూ. మా ఆఫీసు అంటే మూడు కుర్చీలు, ఒక ప్రింటర్, ఒక యజమాని. బడులకీ, దుకాణాలకీ వెబ్‌సైట్లు చేసి పెడతాం. ఏడేళ్ళుగా నాకు తెలిసిందల్లా సర్వర్ మీద నడిచే పీహెచ్‌పీ, జావాస్క్రిప్ట్ పని తేలిక చేసే జేక్వెరీ. జేక్వెరీ వచ్చింది 2006లో. దాన్ని తప్పు పట్టడానికేం లేదు, ఇన్నేళ్ళు నాకు అన్నం పెట్టింది. కానీ ఒకరోజు మా దగ్గర పని నేర్చుకోవడానికొచ్చిన కాలేజీ కుర్రాడు "అక్కా, మీరు గ్రిడ్ వాడరా?" అన్నాడు. "అవసరమైనప్పుడు వాడతాను" అని గంభీరంగా చెప్పి, బయటికెళ్ళి ఫోన్‌లో వెతుక్కున్నాను. పేజీని అడ్డం, నిలువు గళ్ళుగా అమర్చే సీఎస్‌ఎస్ గ్రిడ్ 2017 మార్చికే క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ మూడింట్లోకీ వచ్చేసిందట. నేనింకా ఫ్లోట్‌లనే పాత పద్ధతితో పేజీలో డబ్బాల్ని ఎడమకీ కుడికీ తోస్తున్నాను.

ఉచితం అన్నారు గానీ, బస్సులో పలాస, అక్కడ రైలెక్కి సోంపేట, ఇచ్ఛాపురం మీదుగా బరంపురం, అక్కడ ఆటో. రెండు ఆదివారాలకీ కలిపి ఏడెనిమిది వందలు వదిలాయి. మొదటిసారి తెల్లవారుజామున నాలుగింటికి లేచాను. రెండోసారి తెలివి వచ్చి, ముందురోజే ఇచ్ఛాపురంలో పిన్ని ఇంట్లో దిగాను.

ల్యాబ్‌కి వెళ్ళేసరికి సగం కుర్చీలు నిండాయి. నా పక్కన ఇచ్ఛాపురం అమ్మాయి, డిగ్రీ చివరి ఏడాది. రెండు నిమిషాల్లో నన్ను అక్కని చేసేసింది. అటు పక్కన రాయగడ నుంచి వచ్చిన అబ్బాయి, రాత్రంతా ప్రయాణం చేసి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేర్పే ఆయన భువనేశ్వర్ నుంచి వచ్చారు. స్లైడ్లు ఇంగ్లీషులో, మాట ఒడియాలో, ప్రతి పది నిమిషాలకీ "బుఝిల కి?" (అర్థమైందా?) అని అడగడం. నాకు ఒడియా ఇబ్బంది కాదు. పక్కమ్మాయికి మాత్రం సగమే అందేది. మిగతా సగం నేను గుసగుసగా తెలుగులో చెప్పాను. అలా చెబుతుంటే నాకే ఎక్కడ అర్థం కాలేదో బయటపడిపోయేది. గిడుగు రామమూర్తి పంతులుగారు మా ఊళ్ళోనే పాఠాలు చెప్పారు. జనం మాట్లాడే భాషలోనే చదువుండాలని ఆయన అంత గొడవ ఎందుకు పెట్టుకున్నారో నాకు ఆ ల్యాబ్‌లో తెలిసొచ్చింది. 1936లో మా ఊరు ఒడిశాలోకి వెళ్ళాక ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు. మేం ఇక్కడే ఉన్నాం, పక్కవాళ్ళ చెవిలో తెలుగు చెప్పుకుంటూ.

పొద్దుటి ప్లాన్ ప్రకారం రియాక్ట్ నేర్పాలి, అంటే జావాస్క్రిప్ట్‌తో పేజీలు కట్టే ఒక రెడీమేడ్ చట్రం (ఫ్రేమ్‌వర్క్ అంటారు). తొమ్మిదిన్నరకి అందరం ఆయన చెప్పినట్టు ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ అని కొట్టాం. అది ఒక్కొక్కరి మెషీన్‌లోకీ వేల చిన్న చిన్న ఫైళ్ళు దింపుతుంది. నలభై మంది ఒకేసారి, ఒకే వైఫై. పావుగంటకి రౌటర్ చేతులెత్తేసింది. కొందరు సొంత ఫోన్ల నెట్ ఆన్ చేశారు. ల్యాబ్ గోడలు మందం, సిగ్నల్ ఒక గీత. పదిన్నరకి ఆయన నవ్వేసి, బోర్డు మీద రాసిన 'రియాక్ట్' అన్న మాట తుడిచేశారు. "ఈరోజు మీ బ్రౌజర్‌లో ముందే ఉన్నవాటితోనే పని చేద్దాం. దేన్నీ దించక్కర్లేదు."

ఆ వైఫై పాడవడమే నాకు జరిగిన మేలు. రియాక్ట్ చెప్పి ఉంటే ఆరోజు ఆయన వెనకాలే టైప్ చేసి, ఇంటికొచ్చి మర్చిపోయేదాన్ని. ఫ్రేమ్‌వర్క్ పేరు పోస్టర్ మీద పెద్దక్షరాల్లో వేసి, ఒక్క పూటలో నేర్పేస్తామనే శిక్షణల మీద నాకు అంత నమ్మకం లేదు. ఆయన బదులుగా చేసిందేమిటంటే, ఎఫ్12 నొక్కించి, పేజీ లోపలి కోడ్ చూపించే డెవ్‌టూల్స్‌లో మా సైట్లు మాచేతే తెరిపించారు. "మీరు చేసిన పేజీ ఒకటి చూపించండి, అందులో తప్పులు మీరే పట్టుకోండి."

నేను కొమ్ము బొమ్మల దుకాణం సైట్ తెరిచాను. మా పర్లాకిమిడి కొమ్ము పనికి పేరున్న ఊరు. పశువుల కొమ్ముతో దువ్వెనలు, కొంగలు, రొయ్యలు, నెమళ్ళు చేస్తారు. ఆ దుకాణం సైట్ తెలుగు, ఒడియా రెండింట్లోనూ చేశాను. చేసిన కొత్తల్లో గర్వంగానే ఉండేది. ల్యాబ్‌లో ప్రొజెక్టర్ మీద పెద్దగా చూస్తే తల కొట్టేసినట్టయింది. పైన శీర్షికలో 'కొమ్ము దువ్వెనలు' అని ఉండాలి కదా, 'కొము దువెనలు' అని ఉంది.

స్పెల్లింగ్ తప్పు కాదు. కోడ్‌లో ఒత్తులు ఉన్నాయి. తెర మీద లేవు.

ముందే చేసిపెట్టిన ఇంగ్లీషు పేజీ నమూనా, టెంప్లేట్ అంటారు, ఒకటి తెచ్చుకుని, అందులో మా అక్షరాలు పోశాను. ఆ టెంప్లేట్ రాసినవాడు శీర్షిక డబ్బాకి ఎత్తు బిగించేసి, మించినదాన్ని దాచెయ్యమని రాశాడు. ఇంగ్లీషుకి అది చాలు, కింద వేలాడే అక్షరాలు నాలుగైదే. మన అక్షరాలకి పైన గుడి, కింద ఒత్తు, దాని కింద ఇంకో ఒత్తు. డబ్బా అంచు దగ్గర కత్తెర పడి, ఒత్తులు నేల కింద ఉండిపోయాయి. ఎన్నిసార్లు చూశానో ఆ పేజీ! కన్ను తనంతట తానే ఒత్తు వేసుకుని చదివేసింది. ఒడియా వైపు కూడా కింద కొన్ని గుర్తులు తెగాయి. రాయగడ అబ్బాయి చూపించేదాకా అదీ నాకు తెలీదు.

నేర్పే ఆయనకి తెలుగు చదవడం రాదు. కానీ నేను 'మ్ము' అన్న అక్షరం కాగితం మీద పెద్దగా గీసి చూపిస్తే, వెంటనే అర్థం చేసుకుని ఎత్తు తీసేయించారు. వరుస ఎత్తు అక్షరం సైజుకి 1.2 రెట్లు ఉన్నదాన్ని 1.7 రెట్లు చేయించారు. ఒత్తులు ఒక్కసారిగా కిందికి దిగాయి. ఇచ్ఛాపురం అమ్మాయి చప్పట్లు కొట్టింది, నాకు సిగ్గేసింది.

దానికి కొనసాగింపుగా ఫాంట్ల సంగతి వచ్చింది. నేను నోటో తెలుగు, నోటో ఒడియా రెండు ఫాంట్లూ ప్రతి పేజీకీ దింపిస్తున్నాను, పేజీలో ఏ భాష ఉన్నా సరే. అన్ని లిపుల అక్షరాలకీ నంబర్లిచ్చే యూనికోడ్‌లో ఒడియా 0బీ00 దగ్గర మొదలవుతుంది, తెలుగు 0సీ00 దగ్గర. ఏ ఫాంట్ ఏ వరుసకో సీఎస్‌ఎస్‌లో ఒక్క లైన్ రాస్తే, ఆ అక్షరాలు పేజీలో కనిపిస్తేనే బ్రౌజర్ ఆ ఫాంట్ తెచ్చుకుంటుంది. పేజీ ఏ భాషదో హెచ్‌టీఎంఎల్ మొదట్లోనే చెప్పాలి. నా సైట్లన్నీ 'ఇంగ్లీషు' అని చెబుతున్నాయి, టెంప్లేట్‌లో అలాగే ఉంది మరి.

మధ్యాహ్నం గ్రిడ్. ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తిని వచ్చాక నిద్ర వస్తుందనుకున్నాను, రాలేదు. మూడు రోజులు ఫ్లోట్‌లతో తంటాలు పడ్డ బొమ్మల పేజీ పదకొండు లైన్లలో కుదిరింది. దాని గురించి ఇంతకన్నా చెప్పడానికి లేదు, చేస్తేనే ఆ హాయి తెలుస్తుంది.

సాయంత్రం నాలుగింటికి మొదలుపెట్టిందే నన్ను తర్వాత ఇరికించింది. సర్వీస్ వర్కర్. పేజీకీ నెట్‌కీ మధ్య కూర్చునే ఒక జావాస్క్రిప్ట్ ఫైల్. పేజీ ఏది అడిగినా ముందు దాని దగ్గరికే వస్తుంది. తన దగ్గర దాచిపెట్టింది ఉంటే ఇస్తుంది, లేకపోతే నెట్‌కి పంపుతుంది. నేను దీన్ని పక్కమ్మాయికి మా తాతయ్య పేరుతో చెప్పాను. మా తాతయ్య వీధి అరుగు మీదే కూర్చునేవాడు. బజారుకి ఎవరు బయల్దేరినా ఆపి, "ఏటి కావాలి? లోపలుంది, తీసుకో" అనేవాడు. లేకపోతేనే బజారుకి వదిలేవాడు.

ఇది హెచ్‌టీటీపీఎస్ అనే భద్రమైన దారిలో వచ్చే సైట్లలోనే నడుస్తుంది. నేర్చుకునేటప్పుడు మాత్రం మన సొంత మెషీన్ లోకల్‌హోస్ట్‌లో నడిపించుకోవచ్చు. ఆయన డెవ్‌టూల్స్‌లో 'ఆఫ్‌లైన్' అని టిక్ పెట్టి పేజీ రీలోడ్ చేశారు. పేజీ వచ్చింది! వైఫై పోయిన గదిలో పొద్దున్నుంచీ కూర్చున్న మాకు అది ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? మా జిల్లాలో మహేంద్రగిరి వైపు వెళ్తే ఫోన్ సిగ్నల్ వచ్చేది, పోయేది. అక్కడికి వెళ్ళే కస్టమర్ల కోసం ఇది చేసి తీరాలని తిరుగు రైల్లోనే నిర్ణయించుకున్నాను.

సోమవారం రాత్రి కొమ్ము దుకాణం సైట్‌లో సర్వీస్ వర్కర్ పెట్టేశాను. బొమ్మలు, ధరల పేజీ, అన్నీ తాతయ్య సంచిలో, అంటే ఫోన్‌లోనే ఫైళ్ళు దాచుకునే క్యాష్‌లో, వేసేశాను. ఉంటే అక్కణ్నుంచే, లేకపోతేనే నెట్ నుంచి. సైట్ టక్కున తెరుచుకుంటోంది. దుకాణం ఆయన "భలే చేశావమ్మా" అన్నాడు. వారం రోజులు నా నడకే మారిపోయింది.

ఎనిమిదో రోజున ఆయన ధరలు పెంచాడు. దువ్వెన 120 నుంచి 150. నేను సర్వర్‌లో మార్చి, నా ల్యాప్‌టాప్‌లో చూసి, 150 అని ఉండడంతో వేరే పని చూసుకున్నాను. మరో రెండు రోజులకి విశాఖ నుంచి ఒకావిడ ఆరు దువ్వెనలకి 120 చొప్పున డబ్బు పంపేసింది. ఈయన మిగతా డబ్బు అడిగితే, ఆవిడ తన ఫోన్ తెర ఫోటో తీసి పంపింది. 120 అనే ఉంది. ఈయన తన ఫోన్ తెరిచి చూసుకుంటే అందులోనూ 120. నాకు ఫోన్ చేసి, "ఏటమ్మా, నా కొట్లో ధర నీ కంప్యూటర్‌కి తెలుస్తాది గానీ నాకే తెలవదా?" అన్నాడు. ఆ తర్వాత అన్నవి రాయను.

తాతయ్య సంచిలో పాత ధర ఉంది. ఎవరడిగినా అదే చెబుతున్నాడు. నా ల్యాప్‌టాప్‌లో ఎందుకు కొత్తది కనిపించింది? ల్యాబ్‌లో ఆయన చెప్పినట్టు, రీలోడ్ చేసినప్పుడల్లా సర్వీస్ వర్కర్‌ని కొత్తగా తెచ్చుకోమని డెవ్‌టూల్స్‌లో టిక్ పెట్టుకున్నాను. అది తియ్యడం మర్చిపోయాను. ప్రపంచంలో నా ఒక్కదాని మెషీన్‌లోనే అంతా బాగుంది.

కంగారులో చేసిన రెండో తప్పు మొదటిదాన్ని మించింది. సర్వర్‌లో ఆ ఫైలే తీసేశాను, పీడా పోతుందని. పోలేదు. ఫోన్లలో ఒకసారి దిగిన సర్వీస్ వర్కర్, సర్వర్‌లో ఫైల్ లేనంత మాత్రాన లేచి పోదు. తాతయ్యని పనిలోంచి తీసేశానని నేను కాగితం మీద రాసుకున్నాను, ఆ సంగతి తాతయ్యకి చెప్పలేదు. పాత ఫోన్లన్నిట్లో ఆయన అరుగు మీదే ఉన్నాడు. ఆ ఆరు దువ్వెనల తేడా 180 రూపాయలు నా చేతిలోంచి దుకాణం ఆయనకి ఇచ్చాను. వద్దంటాడనుకున్నాను. తీసుకున్నాడు.

రెండో ఆదివారం వెళ్ళాలా వద్దా అని ముందురోజు దాకా ఊగిసలాడాను. మొహం చెల్లలేదు. మా ఆయనే "180 కట్టావు కదా, దానికైనా వెళ్ళు" అన్నాడు.

ఈసారి పాతికమందే ఉన్నారు. రాయగడ అబ్బాయి రాలేదు. టీ సమయంలో నేర్పే ఆయనకి నా గొడవ మెల్లిగా చెబుదామనుకున్నాను. ఆయన విని, "ఇది అందరికీ చెప్పండి" అని నన్ను ప్రొజెక్టర్ దగ్గరికి లాక్కెళ్ళారు. ఒడియాలో మొదలుపెట్టి, మధ్యలో టెన్షన్‌కి తెలుగులోకి జారిపోయాను. ఎవరూ నవ్వలేదు. వెనక వరుసలో ఇద్దరు ముగ్గురు తెలుగువాళ్ళు తలూపడం మాత్రం కనిపించింది.

మరమ్మతు ఆయన చేయలేదు, నా చేత చేయించారు. సంచికి ఒక వెర్షన్ అంకె ఉండాలి. కొత్త సర్వీస్ వర్కర్ పనిలోకి దిగగానే పాత అంకె ఉన్న సంచులన్నీ పారెయ్యాలి. ఫైల్‌లో ఒక్క అక్షరం మారినా బ్రౌజర్ దాన్ని కొత్తదిగానే గుర్తిస్తుంది. అయితే పాతది తెరిచి ఉన్నంతసేపూ కొత్తది బయట నిలబడి ఉంటుంది, ఆగక్కర్లేదని దానికి మనం చెప్పాలి. అన్నిటికన్నా ముఖ్యం, అన్నీ ఒకే సంచిలో వెయ్యకూడదు. బొమ్మలు ఏడాదైనా మారవు, అవి దాచినవే చూపించొచ్చు. ధర మాత్రం ముందు నెట్‌నే అడగాలి. నెట్ లేకపోతేనే దాచింది చూపించాలి, అదీ 'ఈ ధర ఫలానా తేదీ నాటిది' అని కింద రాసి. ఈ ఆఖరి మాట ఇచ్ఛాపురం అమ్మాయి చెప్పింది, ఆయన కాదు.

తీసేసిన ఫైల్ అదే పేరుతో మళ్ళీ పెట్టాను. దుకాణం ఆయనకి ల్యాబ్ నుంచే ఫోన్ చేసి సైట్ రెండుసార్లు మూసి తెరవమన్నాను. "150 వచ్చింది" అన్నాడు. అంతే, పెట్టేశాడు.

అత్తయ్య ప్రశ్న నేను ఆయన్ని అడిగాను, మర్యాదగా. ఊరికే ఎందుకు నేర్పుతున్నారని. తనూ ఇలాంటి శిక్షణల్లోనే నేర్చుకున్నానన్నారు. పనికొచ్చే కుర్రాళ్ళు దొరుకుతారని కంపెనీలు చోటిస్తాయని, తమ బ్రౌజర్, తమ సరంజామా వాడతారని పెద్ద సంస్థలు డెవలపర్ల బృందాలకి సాయం చేస్తాయని కూడా దాచకుండా చెప్పారు. నాకు అది నచ్చింది. పుణ్యానికే అని ఉంటే నమ్మేదాన్ని కాదు.

ఇలాంటివి మీ దగ్గర లేకపోతే ఇంట్లో కూర్చునే మొదలుపెట్టొచ్చు. మొజిల్లా వాళ్ళ ఎండీఎన్ పాఠాలు, 2014 నుంచి ఉన్న ఫ్రీకోడ్‌క్యాంప్, రెండూ ఉచితమే. ఐఐటీ బొంబాయి వాళ్ళ స్పోకెన్ ట్యుటోరియల్స్‌లో తెలుగు, ఒడియా మాటలతో వీడియోలున్నాయి, మా యజమాని కొడుకు వాటితోనే నేర్చుకుంటున్నాడు. నా ఫోన్‌లో ఇవన్నీ ఏడేళ్ళుగా ఉన్నాయి. పక్కన కూర్చుని 'మీ పేజీలో అక్షరం తెగింది చూడండి' అనే మనిషే లేడు. ఇలాంటి శిక్షణకి వెళ్ళేవాళ్ళు మాత్రం నోడ్ (ఎన్‌పీఎం దీనితోనే వస్తుంది), కోడ్ రాసుకునే ఎడిటర్ ఇంటి దగ్గరే దించుకుని వెళ్ళండి, అక్కడి వైఫైని నమ్మకండి. మీరు పాడుచేసిన సైట్ ఒకటి వెంట తీసుకెళ్ళండి.

వచ్చే నెల మళ్ళీ పెడుతున్నారు. ఒత్తుల సంగతి పావుగంట చెప్పమని ఆయన నన్నే అడిగారు. ఒత్తు తెగితే మాటే మారిపోయేవి కొన్ని చూపిస్తే తెలుగు రానివాళ్ళకీ తమాషాగా ఉంటుందని, నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. గద్ద తెగితే గద. గుడ్డి తెగితే గుడి. అక్కడ ఆగిపోయాను. అత్తయ్య పెనం మీద పిండి తిప్పుతూ ఏం రాస్తున్నావంది. చెప్పాను. అట్టు తిరగేసి, కాసేపు ఆలోచించి, "ఇదుందిగా" అంది. "అట్టు. తెగితే అటు."

రాసుకున్నాను. మూడోది అదే.